పధ్నాలుగు నోళ్ళకు ఒక చెంచా

యుస్టీనా గ్లాన్జర్ బతుకంతా ఒక చెంచా చుట్టూ తిరిగిందంటే బయటివాళ్ళు నవ్వుతారు. మా వైడెన్‌టాల్ కాలనీలో మాత్రం ఎవరూ నవ్వరు. మాలో నలభై ఏళ్ళు దాటని ప్రతి మనిషి నోట్లోనూ ఆ చెంచా తిరిగింది.

ఆస్తంతా ఉమ్మడిగా పెట్టుకుని బతికే క్రైస్తవ సంఘం మాది, మా దగ్గర ‘నాది’ అనే మాట పాపం. పొలం అందరిదీ, బాతులు అందరివీ, అన్న విప్పిన బూట్లు తమ్ముడివి. ఇందులో మంచి లేదని కాదు. మానిటోబా చలికాలంలో మా కాలనీలో ఎవరూ ఆకలితో పడుకోలేదు. అయితే అందరిదీ అన్నప్పుడు చీమిడి కూడా అందరిదీ అవుతుందని మా పెద్దలకు ఎన్నడూ తట్టలేదు.

పిల్లలు రెండున్నర ఏళ్ళు నిండగానే చిన్నబడికి పోతారు. తల్లులు తోటకో వంటశాలకో పోతే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక ముసలామె వాళ్ళను చూసుకుంటుంది. యుస్టీనా చిన్నప్పుడు ఆ ముసలామె పేరు లేనా అమ్మమ్మ. చెడ్డ మనిషి కాదు, పాటలు బాగా నేర్పేది. గోడవారగా పొడుగాటి బల్ల, దాని మీద వరసగా పిల్లలు, ఆమె ఒళ్ళో ఒక పెద్ద గిన్నె, చేతిలో ఒకటే చెంచా. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పేది. ప్రతి చెంచానూ ముందు తన పెదవికి ఆనించి వేడి చూసుకునేది. తరవాత పిల్ల నోట్లో పెట్టేది. ఆ పిల్ల నాకి వదిలింది పక్క పిల్ల నోట్లోకి. ఎవరికైనా ముక్కు కారుతుంటే అది పైపెదవి మీంచి చెంచాలోకి, చెంచాలోంచి గిన్నెలోకి. గోధుమనూక పాలజావ గట్టిగా మొదలై బల్ల చివరకొచ్చేసరికి నీళ్ళలా జారేది. ఉమ్మి కలిస్తే జావ పలచబడుతుందని యుస్టీనాకు నాలుగో ఏటే తెలుసు. ఆమె చోటు బల్ల చివర.

ఒక మార్చి నెలలో పిల్లలకు నోటిపూత వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? కూర్చున్న వరసలోనే వచ్చింది. సోమవారం మొదటి ముగ్గురికి, బుధవారం నడుమ వాళ్ళకు, శనివారానికి యుస్టీనాకు. లేనా అమ్మమ్మ ఇది దేవుడు పెట్టిన పరీక్ష అంది. దేవుడు బల్ల వరస చూసుకుని పరీక్ష పెడతాడా అని ఒక్క తల్లీ అడగలేదు. నోరంతా పుండ్లతో ఉన్న యుస్టీనా మాత్రం పెదవులు బిగించేసింది.

“నోరు తెరువే, బంగారుతల్లివి కదూ” అంది లేనా అమ్మమ్మ.

యుస్టీనా తల అడ్డంగా ఊపింది.

“ఎంత పొగరే నీకు! అందరూ తినేది నీకు పనికిరాదా? దొరసానివా?”

అంటూనే బొటనవేలితో, చూపుడువేలితో ఆ పిల్ల ముక్కు పట్టుకుంది. ఊపిరాడకపోతే ఏ నోరైనా తెరుచుకుంటుంది. ఆ వేళ్ళకు ఉల్లిపాయ వాసన, పందికొవ్వు సబ్బు వాసన, పిల్లల గుడ్డల వాసన కలిసి ఉండేవి. ఏళ్ళు గడిచినా ఆ మూడు వాసనల్లో ఏది తగిలినా యుస్టీనా పెదవులు వాటంతటవే బిగుసుకునేవి.

ఆరేళ్ళు నిండి పిల్లల భోజనశాలకు మారాక ఎవరి చెంచాతో వాళ్ళే తినవచ్చన్న మాటేగాని, ఆ చెంచాలన్నీ ఒకే తొట్టిలో, గోరువెచ్చటి జిడ్డునీళ్ళలో ముంచి తీసినవే. ఏదో ఒకదాని గుంటలో నిన్నటి గుడ్డుసొన పచ్చగా అంటుకుని ఉండేది. యుస్టీనా రొట్టెలు తిని బతికింది. తొమ్మిదో ఏట మోకాళ్ళు బయటికి పొడుచుకొచ్చి, కొంగకాళ్ళలా తయారయింది. అప్పుడు తండ్రి ఎలియాస్ ఆమెను తన కొలిమికి పిలిచాడు. అతను కాలనీ కమ్మరి. పదకొండు మంది పిల్లల తండ్రి, నెలకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

“తినవట. ఎందుకే?” అన్నాడు.

“జావ వద్దు నాన్నా.”

“ఏం, బాగోదా?”

“అందులో అందరూ ఉన్నారు.”

ఎలియాస్ చేతిలో పని పక్కన పెట్టాడు. తరవాత నూనెడబ్బా కోసి మిగిలిన రేకుముక్క ఒకటి వెతికి, కొయ్యదిమ్మె మీద పెట్టి సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. అరగంటలో చెంచా తయారయింది. గుంట నిండా సుత్తి చుక్కలు. చిగుళ్ళకు గుచ్చుకోకుండా అంచులు అరగదీశాడు. కాడ చివర గోరంత మడత పెట్టాడు, జారకుండా పట్టుకోవడానికి.

“ఎవరికీ చూపించకు” అన్నాడు. ఆ నెల అతను మాట్లాడిన మాటలు దాదాపు అయిపోయాయి.

యుస్టీనా ఆ చెంచాను మేజోడులో దాచుకుంది. భోజనం దగ్గర అందరి చెంచా ఒళ్ళో పెట్టుకుని, తన చెంచాతో తినేది. పావడా అంచుకు తుడిచి మళ్ళీ మేజోడులో తోసేది. ఏడు వారాల్లో బుగ్గలు పూడాయి. ఆ ఏడు వారాలు తను ఎంత సంతోషంగా ఉందో ఆమె పెద్దయ్యాక కూడా చెప్పుకునేది. అవునుమరి, కాలికి రాసుకుపోయే రేకుముక్కతో సంతోషపడాల్సిన గతి పట్టించాం ఆ పిల్లకు.

మాకు జర్మన్ నేర్పి, పిల్లల భోజనం దగ్గర కాపలా ఉండే పంతులు పట్టేశాడు. పిల్లలంతా తిన్నాక యుస్టీనా ముందున్న చెంచా ఒక్కటే పొడిగా ఉంటోందని గమనించాడు. మేజోడు విప్పించాడు. అరచేతుల మీద మూడేసి తోలుపట్టీ దెబ్బలు వేశాడు. ఎవరిచ్చారంటే ఆమె చెప్పలేదు. ఆ సాయంత్రం ప్రార్థనలో, ఎవరూ అడగకముందే, ఎలియాస్ లేచి నిలబడ్డాడు.

“నేనే చేశాను” అన్నాడు.

అప్పటికి జకారియాస్ పెద్దయ్య మాకు కొత్తగా బోధకుడయ్యాడు. ముప్పై ఏళ్ళ మనిషి, నల్లటి గడ్డం, మంచి గొంతు. ఆ చెంచాను అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు.

“చూశారా? లోకంలో యుద్ధాలన్నీ ఇంతటి దానితోనే మొదలవుతాయి. ఇవాళ నా చెంచా, రేపు నా గిన్నె, ఎల్లుండి నా పొలం. ఎలియాస్, బిడ్డ మీద ప్రేమతో బిడ్డ ఆత్మను చంపుతున్నావయ్యా.”

లేనా అమ్మమ్మ చెంచా కాడ విరిగి చాలాకాలమయింది. అందుకని ఆ కొత్త చెంచా చిన్నబడికి ఇమ్మన్నాడు. ఒకరి కోసం చేసింది అందరి నోళ్ళలో తిరిగితే దాని పాపం పోతుందన్నాడు. ఎలియాస్‌కు రెండు వారాల వెలి వేశాడు.

వెలి అంటే మావాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరూ చెయ్యి కలపరు. ప్రార్థనలో తలుపు పక్కన చోటు. భోజనశాలలో కూడా తలుపు పక్కన చిన్నబల్ల, దాని మీద ఒక్కడికే ఒక గిన్నె, ఒక చెంచా. ఆ రెంటినీ విడిగా మరిగే నీళ్ళతో కడిగి విడిగా బోర్లిస్తారు, అతని పాపం మరొకరికి అంటుకోకూడదని. నోటిపూతకు తీసుకోని జాగ్రత్త పాపానికి తీసుకునేవాళ్ళు. విడి చెంచా చేసినందుకు విడి చెంచాతో తినడమే శిక్ష అని, ఇందులో ఏదో తిరకాసుందని, నూట ఇరవై మందిలో ఒక్కరికీ అనిపించలేదు.

రొట్టెబుట్ట మోసే వంతు వచ్చినప్పుడు యుస్టీనా తండ్రిని చూసింది. తల వంచుకుని తింటున్నాడు. మిగతా బల్లల దగ్గర పెద్దవాళ్ళు నలుగురికి ఒక గిన్నె చొప్పున, నాలుగు చెంచాలు ఒకే పులుసులో ముంచుకుంటున్నారు. గడ్డాల మీంచి కారింది మళ్ళీ అందులోనే పడుతోంది. నాన్నను చూసి ఏడవాలని వచ్చిన పిల్లకు ఏడుపు రాలేదు. అసూయ వేసింది.

రెండు వారాలయ్యాక ఎలియాస్ మోకాళ్ళ మీద క్షమాపణ అడిగి లోపలికి వచ్చాడు. మర్నాడు కొలిమి దగ్గర కూతురితో మెల్లిగా అన్నాడు:

“యుస్టా, ఆ పధ్నాలుగు రోజులూ పులుసు భలే ఉందే.”

ఆ మాట ఆమె మరిచిపోలేదు. పదిహేనో ఏట పెద్దల భోజనశాలకు మారింది. గిన్నె పంచుకునే నలుగురిలో ఆమె పక్కన పడ్డది సారా అత్త. ముక్కు కారే మనిషి, ఎముక చీకి ఇంకా సారం ఉందనిపిస్తే మళ్ళీ పులుసులో ముంచే మనిషి. ఇరవయ్యో ఏట యుస్టీనా బాప్తిస్మం తీసుకుంది. భక్తి పొంగిందని తల్లి మురిసింది. అసలు సంగతేమిటంటే, బాప్తిస్మం లేనివాళ్ళకు వెలి వేయరు.

తరవాత ఒక క్రమంలో పాపాలు చేసింది. మౌత్ ఆర్గాన్ వాయిస్తే పడే శిక్ష తెలుసు గాని, అది అంతకుముందు ఎవరి నోట్లో ఉందోనని దాని జోలికి పోలేదు. పట్నంలో మా గుడ్లు కొనే దుకాణం నుంచి, మా నియమాల్లో ఫొటోలాగే నిషిద్ధమైన చిన్న అద్దం ఒకటి తెచ్చుకుని, తలుపు తీయగానే కనిపించేలా గోడకు తగిలించింది. రెండు వారాలు. చిన్నబల్ల, విడి గిన్నె, మరిగే నీళ్ళతో కడిగిన చెంచా. పులుసులో నూడుల్స్‌ను ఒక్కొక్కటే తీసుకుని తింది. మరుసటేడు రోడ్డు మీద పోయే బయటివాళ్ళ చేత ఫొటో తీయించుకుని, ఆ సంగతి తనే వచ్చి చెప్పింది. మూడు వారాలు. వెలి ముగిసేసరికి గడ్డం కింద చిన్న మడత వచ్చింది.

“ఏమే, వెలివేస్తే చిక్కిపోతారు గాని నువ్వేంటే బాతులా బలుస్తున్నావ్?” అంది సారా అత్త.

ఈ మాట జకారియాస్ పెద్దయ్య చెవిన పడింది. మూడోసారి యుస్టీనా తలగుడ్డ లేకుండా ప్రార్థనకు వచ్చినప్పుడు ఆయన చిరునవ్వు నవ్వాడు.

“నిన్ను క్షమించేశాం యుస్టీనా. వెళ్ళి సారా పక్కన కూర్చో.”

ఆ తరవాత ఆమె ఏం చేసినా క్షమించారు. తిట్టింది, క్షమించారు. పని మానేసింది, క్షమించారు. మనిషిని ఇంతకంటే చల్లగా చంపే పద్ధతి ఎక్కడా ఉండదు. ఆ పెద్దయ్యేమో భోజనశాలకే రాడు. బోధకుడు ఇంట్లో తింటాడు, అది పాత ఆచారం. ఆయన పళ్ళెం తెల్లగుడ్డ కప్పి ఇంటికి మోసుకెళ్తారు. ఇంట్లో ఆయనకు విడిగా నీలం అంచు గిన్నె, కొమ్ముకాడ చెంచా, వాటిని ఆయన భార్య తప్ప ఎవరూ ముట్టుకోరు. యుస్టీనా కూడా ఎన్నోసార్లు ఆ పళ్ళెం మోసింది. మోస్తున్నది ఏమిటో మా అందరికీ కనిపిస్తూనే ఉంది, ఎవరమూ చూడలేదు.

ఆమెకు పెళ్ళి కాలేదు. పక్క కాలనీ నుంచి ఒకతను చూడ్డానికి వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ గోళ్ళు కొరికి ఉమ్మాడు. ఆమె లేచి పశువులకు నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయింది. పశువులు ఆమె పని కానేకాదు. ఎలియాస్ చచ్చిపోయాడు, సారా అత్త చచ్చిపోయింది. రొట్టెలు తింటూ, పులుసును పైపైన తాకుతూ యుస్టీనా నలభై ఏడేళ్ళకు వచ్చింది. అప్పుడు జకారియాస్ పెద్దయ్య ఆమెను చిన్నబడికి నియమించాడు.

“పసిపిల్లల మధ్య నీ పొగరు కరుగుతుంది” అన్నాడు.

మొదటి రోజు వంటశాల పెత్తనం చేసే రెబెకా ఆమెకు గిన్నె, చెంచా ఇచ్చింది. గుంటలో సుత్తి చుక్కలు అరిగిపోయి రెండో మూడో మిగిలాయి. ఒక అంచు పిల్లల పళ్ళకు వంకర్లు పోయింది. కాడ చివర గోరంత మడత మాత్రం అలాగే ఉంది. యుస్టీనా దాన్ని బొటనవేలితో తడుముతూ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా నాన్న చెంచా ఇక్కడే ఉందని ఆమెకు తెలుసు. కాని చేతిలోకి వస్తే ఇంత బరువుంటుందనుకోలేదు.

బల్ల మీద పధ్నాలుగు మంది. మొదటి వారం ఆమె ప్రతి నోటికీ మధ్య చెంచా కడిగింది. పధ్నాలుగో పిల్లకు వచ్చేసరికి జావ చల్లారి తోలు కట్టేది, మొదటి పిల్లలు మళ్ళీ ఆకలంటూ గోల. రెండో వారం గుడ్డతో తుడిచింది. మూడో వారం ఆ గుడ్డ ఎక్కడో పోయింది. నవంబరు వచ్చింది, జలుబులు వచ్చాయి, నిద్ర లేదు. చెయ్యి దానంతటదే ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వస్తోంది.

ఒక మధ్యాహ్నం బల్ల చివర కూర్చునే మూడేళ్ళ రాహెల్ నోరు బిగించింది.

“ఏమ్మా, తినవూ?”

రాహెల్ చెంచా వైపు చూడటంలేదు. యుస్టీనా మొహంలోకి చూస్తోంది. కచ్చితంగా చెప్పాలంటే మూతి వైపు చూస్తోంది. అప్పుడు యుస్టీనాకు తన కింది పెదవి మీద ఏదో వెచ్చగా అంటుకుని ఉన్నట్టు తెలిసింది. జావ. వేడి చూడటానికి చెంచాను పెదవికి ఆనించుకుంది. ఇప్పుడే కాదు, ఎన్నాళ్ళ నుంచో ప్రతి చెంచాకూ అలాగే చేస్తోంది.

“ఛీ” అంది రాహెల్.

యుస్టీనా చెయ్యి అప్పటికే ఆ పిల్ల ముక్కు దగ్గరికి పోయింది. రెండు వేళ్ళూ ముక్కు మీద ఆనాయి. ఉల్లిపాయ, సబ్బు, గుడ్డల వాసన తన వేళ్ళలోంచే వచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని వాకిట్లోకి పరుగెత్తి, మంచులో వాంతి చేసుకుంది. బతుకంతా పక్కవాళ్ళను చూసి అసహ్యపడ్డ మనిషి, ఆ రోజు తనను చూసి తను కక్కుకుంది.

లోపలికి వచ్చి చెంచాను బూడిదతో తోమి, పొయ్యి మీద మరిగే నీళ్ళలో వేసి తీసి, రాహెల్ చేతిలో పెట్టింది.

“ఇది మా నాన్న నాకోసం చేశాడమ్మా. ఇకనుంచి నీది.”

రాహెల్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. “ఛీ” అని బల్ల మీద పడేసింది. యుస్టీనా ఆ చెంచాను అప్పుడు సరిగ్గా చూసింది. అరిగి, నల్లబడి, పంటిగాట్లతో ఉంది. పిల్ల చెప్పింది నిజమే. నాన్న చేసింది ఇది కాదు. ఇది మేం చేసింది.

ఆమె తిన్నగా పెద్ద వంటశాలకు వెళ్ళి, ఒడిలో పధ్నాలుగు చెంచాలు, పధ్నాలుగు చిన్న గిన్నెలు వేసుకుని వచ్చింది.

“ఎవరినడిగి తీసుకెళ్తున్నావ్?” అని రెబెకా వెనక నుంచి అరిచింది.

“నాలుగో ఏట నుంచి అడుగుతూనే ఉన్నా” అంది యుస్టీనా.

మర్నాడు మధ్యాహ్నం జకారియాస్ పెద్దయ్య చిన్నబడికి స్వయంగా వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళు, గడ్డం తెల్లబడింది గాని గొంతు అదే. కొత్త చెంచాలన్నీ ఏరి ఒక బకెట్టులో వేశాడు. పాత చెంచా తీసి యుస్టీనాకు అందించాడు.

“వెలి వేస్తాననుకున్నావా? నీకు విందు పెట్టే ఉద్దేశం నాకు లేదు. కూర్చో. నా ఎదురుగా తినిపించు. ఆ చివర పిల్లకు అసహ్యం నేర్పింది నువ్వే, పోగొట్టేదీ నువ్వే. తెరవకపోతే ఎలా తెరిపించాలో నీకు తెలుసు.”

యుస్టీనా బల్ల ముందు కూర్చుంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. మొదటి పిల్లవాడికి పెట్టింది, నాకాడు. రెండో పిల్లకు పెట్టింది, ముక్కు కారుతోంది. పెద్దయ్య చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అయిదు, ఆరు, ఏడు. పదో పిల్లవాడు దగ్గి కొంచెం మళ్ళీ చెంచాలోకే వదిలాడు. పదమూడో పిల్ల నోట్లోంచి చెంచా తీసినప్పుడు దాని కాడ వెంట సన్నటి తీగ సాగింది. ఆ చెంచాను గిన్నెలో ముంచి, నిండుగా తీసుకుని, యుస్టీనా లేచింది. రాహెల్ దగ్గరికి పోలేదు. పెద్దయ్య ఎదుటికి వచ్చి నిలబడింది.

“నోరు తెరవండి పెద్దయ్యా.”

ఆయనకు అర్థం కాలేదు. “ఏంటిది?” అన్నాడు.

“అందరూ తినేదేగా. ముప్పై ఎనిమిదేళ్ళుగా మా పిల్లల నోళ్ళలో తిరిగింది, దాని పాపం ఎప్పుడో పోయుంటుంది. మీరే అన్నారు. ఒక్క చెంచా.”

చెంచా ఆయన గడ్డం దగ్గరికి వచ్చింది. తెల్లటి మీసం కింద పెదవులు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి. మొహం పక్కకు తిరిగింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు, వీపు తలుపుకు తగిలింది. పధ్నాలుగు మంది పిల్లలూ చూస్తున్నారు. రాహెల్ బల్ల మీద లేచి నిలబడి కిలకిలా నవ్వింది.

“తాతయ్యకి కూడా ఛీ!”

ఆయన టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. బకెట్టు అక్కడే ఉండిపోయింది. ముక్కు పట్టుకుంటే ఆ నోరూ తెరుచుకునేదే. కాని ఆ పని యుస్టీనా ఇక ఎవరికీ చేయదలుచుకోలేదు.